తెల్లబడిన చిగుళ్ళు

చంద్రమ్మగారు పిడికెడు మన్ను తీసి మా మెట్లమీద ఎత్తిపోసిన చోట పోయినవారం కథ ఆపాను. ఆ మన్ను ఇంకా అక్కడే ఉంది. ఊడిస్తే తప్పు ఒప్పుకున్నట్టు, ఊడవకపోతే పంతానికి పోయినట్టు. పొద్దున్నే చీపురు పట్టుకుని మెట్లమీద నిలబడి, ఊడవకుండానే లోపలికి వచ్చేశాను.

మొదటిసారి ఈ పేజీ తిప్పినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పేస్తాను, మిగతావాళ్ళు కాస్త ఓర్చుకోండి. మధురానగర్‌లో చంద్రమ్మగారింట్లో పైవాటా మాది. నేనూ, మా ఆయన వీర్రాజుగారూ అద్దెకున్నాం. కింద వాటాలో ఆవిడా, ఆవిడ భర్త ఓదెలుగారూ ఉంటారు. ఆయనకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది, కుడిచెయ్యి ముడుచుకుపోయింది. ఫిజియోథెరపీ అమ్మాయి ఎంత బతిమాలినా ఆ పిడికిలి విచ్చుకోలేదు. గేటు పక్కన కుయ్యోమంటున్న కుక్కపిల్లని చంద్రమ్మగారు తెచ్చి ఆయన ఒళ్ళో పడేశాక, దాని వీపు నిమరడానికి వేళ్ళు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. దాన్ని చూసి ‘బంతి’ అన్నారాయన. జబ్బు చేశాక ఆయన నోట స్పష్టంగా వచ్చిన మాట అదొక్కటే, అందుకని దాని పేరు అదే అయింది.

ఆ బంతి మూతి వేలాడేసుకుని కూర్చుంటోంది కొన్నాళ్ళుగా. నిన్న సాయంత్రం వాకిట్లో కాఫీ డికాక్షన్ రంగులో పాసు పోసింది. అది చూసిన చంద్రమ్మగారు, ఎలుకల మందు పెట్టింది మా ఆయనేనని వీధి వీధంతా వినేలా కేకలేసి, మన్ను పోసి, ఒకటో తారీఖుకి ఇల్లు ఖాళీ చెయ్యమని చెప్పి, తలుపు ధడాలున వేసుకున్నారు.

ఆవిడకి ఆ అనుమానం ఊరికే రాలేదు లెండి. మా ఆయనకి కుక్కలంటే పడదు. మా వీధిలో భీముడని ఒకడున్నాడు, నల్లగా, దూడంత ఉంటాడు. వీధి మొత్తానికి వాడు కుక్క, చంద్రమ్మగారికి మాత్రం పెద్దకొడుకు. వాడి మొరుగుడుకి నిద్ర పట్టడం లేదని మా ఆయన బాల్కనీలో నిలబడి, "ఈ కుక్కల సంగతేంటో నేను చూస్తాను!" అని అరిచింది అందరూ విన్నారు. ఆ తర్వాత ఒకరోజు ఎలుకల మందు ప్యాకెట్ చేత్తో పట్టుకుని దర్జాగా గేట్లోంచి నడిచొచ్చారు. అలాంటివి కొన్నప్పుడు కాస్త సంచీలో వేసుకు రావాలని తెలియదూ? అదీ మా ఆయన తెలివి. ఈమధ్య భీముడు కనబడ్డం లేదు కూడా. పెళ్ళిళ్ళ సీజను కదా, ఫంక్షన్ హాలు వెనకాల బిర్యానీ ఎముకలకి మరిగి ఉంటాడని అందరం అనుకున్నాం.

నిజం చెప్పద్దూ, నిన్నటి నుంచి నాకూ గుండెలో గుబులే. ఇవాళ పొద్దున్న మెట్లకింది అరలోంచి ఆ ప్యాకెట్ తీసి చూశాను. చింపి ఉంది. ఒక బిళ్ళ లేదు.

"ఏవండీ, ఇందులో ఒకటి లేదేంటి?" అని అడిగాను.

"అటకమీద పెట్టాను. నిన్నెవరు ప్లీడర్ని చేశారు?" అన్నారు మా ఆయన, నావైపు చూడకుండా బూట్ల లేసులు కట్టుకుంటూ.

స్టూలెక్కి అటకంతా తడిమాను. పాత సూట్‌కేసు, చిల్లుపడ్డ కుక్కరు తగిలాయి గానీ బిళ్ళ తగల్లేదు. నేను దిగేసరికి ఆయన టిఫిన్ బాక్సు తీసుకుని లక్డీకాపూల్లో ఆఫీసుకి వెళ్ళిపోయారు. ఇన్నేళ్ళ కాపురంలో ‘వెళ్ళొస్తాను’ అనకుండా గడప దాటింది ఇవాళే.

నోరు పారేసుకుంటారు గానీ ఒకరి ప్రాణం తీసే మనిషి కాదు. అలా అనుకున్నాను. మళ్ళీ, ఏమో, అని కూడా అనుకున్నాను. కట్టుకున్నవాడి గురించి ‘ఏమో’ అనుకోవాల్సి రావడం ఎంత నరకమో అనుభవిస్తే గానీ తెలియదు. ఆ ప్యాకెట్‌ని మళ్ళీ అరలో పెట్టబుద్ధి కాలేదు. ఒక కవర్లో చుట్టి నా హ్యాండ్‌బ్యాగులో పడేశాను.

అప్పుడు వినబడింది కిందనుంచి కేక.

"ఛాయమ్మా! ఓ ఛాయమ్మా! జర కిందికి రావా! ఇది లేస్తలేదు!"

నిన్న వీధంతా వినేలా కేకలేసిన గొంతే. మెట్లు ఎలా దిగానో తెలియదు. ఓదెలుగారి మంచం పక్కన గోనెసంచీ మీద బంతి పక్కకి ఒరిగి పడుకుని ఉంది. పొట్ట గబగబా ఎగిరెగిరి పడుతోంది. ఓదెలుగారు మంచం అంచుకి జరిగి, ఆ కుడిచేత్తో దాన్ని అందుకోబోతున్నారు. చెయ్యి అందడం లేదు. గొంతులోంచి ‘బ... బ...’ అని వస్తోంది గానీ మాట పూర్తవడం లేదు.

చంద్రమ్మగారు నన్ను చూసి కొంగు బిగించారు. "మీ సార్ మీద కోపం మీ సార్ మీదనే ఉన్నది, అది పోలే. గిప్పుడైతే ఆటో పిలువు. నాకు ఫోన్ల బుక్ చేసుడు రాదు."

నేను ఫోన్ తీసి ఆటో బుక్ చేశాను.

ఆటోవాడు వచ్చి లోపలికి తొంగిచూసి ముఖం చిట్లించాడు. "కుక్కనా అక్కా? సీటు కరాబైతది."

"నా ఒళ్ళ ఉంటది. ఖరాబైతే నా చీర ఖరాబైతది. నువ్వు నడుపు," అన్నారు చంద్రమ్మగారు. వాడు నోరు మూసుకుని నడిపాడు.

మే నెల ఎండ. పదిన్నరకే రోడ్డు కుతకుతలాడుతోంది. మైత్రీవనం దగ్గర ఎప్పటిలాగే కోచింగ్ పిల్లల జాతర, ఆటో చీమలా పాకింది. ఎవరో కుర్రాడు లోపలికో కరపత్రం విసిరాడు, నెలరోజుల్లో ఏదో కోర్సు నేర్పేసి ఉద్యోగం ఇప్పిస్తారట. చంద్రమ్మగారు దాన్ని తీసుకుని బంతికి విసరడం మొదలుపెట్టారు. తడిగుడ్డలో చుట్టిన ఆ పిల్ల, ఒక్కో గాలికి ఒక్కోసారి కన్ను తెరిచి మూస్తోంది.

అమీర్‌పేట దాటాక, మెట్రో స్టేషను కింద సిగ్నల్ పడ్డప్పుడు ఆవిడ అన్నారు. "మీ సార్‌కు మేం ఏం పాపం చేసినం, ఛాయమ్మా? మొరిగితే రాళ్ళేయుమను. నన్ను తిట్టుమను. గీ పసిపాణం మీదనా?"

"ఆయన పెట్టలేదు," అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా వినబడలేదు.

"నువ్వు చూసినవా పెట్టలేదని?"

నేను బ్యాగుని ఒళ్ళోకి లాక్కుని గట్టిగా పట్టుకున్నాను. ఒక బిళ్ళ తక్కువైన ప్యాకెట్ అందులో ఉందని ఆవిడకేం తెలుసు.

పంజాగుట్ట ఫ్లైఓవర్ పక్కన సందులో ఉంది జంతువుల ఆసుపత్రి. డాక్టర్ శ్రీలేఖ అని, ముప్పై దాటని పిల్ల, జుట్టు ముడేసుకుని చలాకీగా ఉంది. మిగతావాళ్ళని కూర్చోబెట్టి మమ్మల్ని ముందు లోపలికి పిలిచింది. బంతిని బల్లమీద పడుకోబెట్టి, పై పెదవి ఎత్తి మాకు చూపించింది.

"చిగుళ్ళు చూడండి ఆంటీ. గులాబీ రంగులో ఉండాలి."

ఇడ్లీపిండిలా ఉన్నాయి. నెత్తురు చుక్క లేని తెలుపు.

"ఒంట్లో రక్తం బాగా తగ్గిపోయింది. మూత్రం ఏ రంగులో పోస్తోంది?"

"డికాక్షన్‌లా," అన్నాను నేను.

"పిడుదులు పట్టాయా? జ్వరం వచ్చిందా? ఎక్కడైనా దెబ్బ తగిలిందా?" అని అడుగుతూనే దాని చెవులూ, వేళ్ళ సందులూ వెతికింది. ఏమీ లేవు. స్టెతస్కోపు తీసి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఎలుకల మందు గానీ తిందంటారా?"

చంద్రమ్మగారు నావైపు తిరిగి, నా ముఖంలోకే చూశారు. ఆ చూపుకి నేను పది సమాధానాలు చెప్పొచ్చు. ‘మా ఇంట్లో అలాంటివి లేవు’ అనొచ్చు. బ్యాగు మూసే ఉంది. కానీ బల్లమీద ఆ పిల్ల ఊపిరి ఎగబీలుస్తోంది. అది బతకాలి, ముందు అదీ. ఏ మందో తెలిస్తేనే కదా విరుగుడు ఇచ్చేది? నిజంగా ఆయనే పెట్టి ఉంటే, నేను నోరు మూసుకుంటే, దాన్ని చంపడంలో నాకూ చెయ్యి ఉన్నట్టే కదా?

జిప్పు లాగి, కవరు విప్పి, ప్యాకెట్‌ని డాక్టరమ్మ ముందు పెట్టాను.

"మా ఇంట్లోదే. ఒక బిళ్ళ లేదు. అటకమీద పెట్టానంటున్నారు మా ఆయన. నేను వెతికితే దొరకలేదు."

చెప్పడం అయితే చెప్పాను గానీ, మెడలో పుస్తెలతాడు బరువెక్కినట్టు అనిపించింది.

"ఛాయమ్మా," అన్నారు చంద్రమ్మగారు మెల్లగా. "నువ్వే తెచ్చినవా?"

నేను ఖాళీ కవరు మడిచి బ్యాగులో పెట్టుకున్నాను.

డాక్టరమ్మ ప్యాకెట్ వెనకాల అక్షరాలు చదివింది. ముఖంలో ఏమీ తెలియనివ్వలేదు. బంతి ముందుకాలికి బొచ్చు గొరిగి, కాస్త రక్తం తీసింది. కొంచెం గాజు పలకమీద పులిమి పక్కన పెట్టి, మిగతాది సన్నటి గాజు గొట్టంలో పోసి చేతిలో పట్టుకుంది.

"ఈ మందు తింటే రక్తం గడ్డకట్టదు ఆంటీ, నీళ్ళలా కారుతూనే ఉంటుంది. కొంచెంసేపు చూద్దాం. మీరు బయట కూర్చోండి."

బయట బెంచీ మీద ఒక చివర ఆవిడ, ఒక చివర నేను. మధ్యలో ఎవరిదో పిల్లి, బుట్టలో కూర్చుని మమ్మల్నిద్దర్నీ చూస్తోంది. చంద్రమ్మగారు కొంగుతో ముఖం తుడుచుకుని, గోడకేసి చూస్తూ మాట్లాడారు.

"నీ మీద నాకేం లేదు ఛాయమ్మా. నువ్వు ముందట వెట్టినవు, దాచాలనుకుంటే దాస్తుంటివి. గని గా మనిషి నా ఇంట్ల ఉండద్దు. ఆయన నడుస్తుంటే మా ముసలాయన చూడలేడు."

"ఖాళీ చేస్తాం," అన్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది, ఎవరిమీదో తెలియదు. "రేపే చేస్తాం. ముందు దాన్ని బతకనివ్వండి. ఒకటో తారీఖు గోల ఇప్పుడెందుకు?"

"బతికితే మంచిదే. లేకుంటే?" ఆవిడ కొంగు కొస నలిపారు. "పొద్దున లేచి ఫస్ట్ దాని దిక్కే చెయ్యి చాపుతడు ఆయన. ‘బంతి’ అంటడు. అది లేకుంటే ఆ చెయ్యి ఎవలికోసం తెరుస్తడు? చెప్పు."

నేను బ్యాగు జిప్పు తీసి, మళ్ళీ మూశాను.

డాక్టరమ్మ తలుపు తీసి మమ్మల్ని పిలిచింది. గాజు గొట్టాన్ని తలకిందులుగా పట్టుకుని మాకు చూపించింది. లోపలి రక్తం జారలేదు. జున్నులా అడుగున అతుక్కుని ఉంది.

"గడ్డకట్టింది. చక్కగా కట్టింది. ఎలుకల మందు కాదు."

"కాదా?" అన్నాను. నా గొంతు కీచుమంది.

"కాదాంటీ."

నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి వచ్చి ఏదీ సరిగ్గా రాలేదు. కాదు. ఆయన కాదు. నోరు పెద్దదే గానీ చెయ్యి అలాంటిది కాదని నాకు తెలుసు. తెలిసీ ఒక రాత్రంతా ఆ మనిషి పక్కన పడుకుని అనుమానించాను చూడండి, నన్ను చెప్పు తీసుకుని కొట్టాలి. బిళ్ళని ఎలుకే ఈడ్చుకుపోయి ఉంటుంది, అందుకే కదా పెట్టింది!

చంద్రమ్మగారు మాత్రం నమ్మలేదు. "మరి ఏమైంది బిడ్డా? నెత్తురెట్ల తక్కువైంది?"

"మైక్రోస్కోపులో చూశాను. రక్తంలో ఎర్రకణాలు వాటంతట అవే చితికిపోతున్నాయి. ఏదో పడనిది లోపలికి వెళ్తోంది, ఒకసారి కాదు, రోజూ." డాక్టరమ్మ కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చుంది. "ఏం పెడుతున్నారు దీనికి?"

"ఏం పెడత? బువ్వ. పాలు. కోడిగుడ్డు సుత పెట్టిన."

"ఇంకా?"

"సల్ల. ఎండలు కొడుతున్నయి గదా, నాలుక బయటేసి ఒగరుస్తుండె. ఎండదెబ్బ తగుల్తదని సల్ల పోసిన."

"ఉత్త మజ్జిగేనా?"

"ఉత్తది ఎట్ల పనిజేస్తది? ఉల్లిగడ్డ దంచి, రసం పిండి కలిపిన." ఆవిడ గొంతులో కాస్త గర్వం కూడా పలికింది. "మా ఇంట్ల ఎండకాలం అందరికీ అదే మందు. చిన్నప్పుడు మా అమ్మ మా అరికాళ్ళకు రాసేది, జేబుల వెట్టి పంపేది. ఛాయమ్మకు సుత గ్లాసు నిండ ఇచ్చిన, అడుగు."

అవును, ఇచ్చారు. మండుటెండలో బజారు నుంచి వస్తే గేటు దగ్గర ఆపి మరీ ఇచ్చారు. తాగి, ప్రాణం లేచొచ్చిందని మెచ్చుకున్నాను కూడా. వడదెబ్బకి ఉల్లిపాయ మా గోదావరి జిల్లాల్లోనూ తెలియనివాళ్ళు లేరు. పుట్టి బుద్ధెరిగాక అందులో విషం ఉంటుందని ఎవరైనా అన్నారా మాతో?

డాక్టరమ్మ చాలా మెత్తగా చెప్పింది. "మనుషులకి మంచిదే అమ్మమ్మా. కుక్కలకి పడదు. వాటి రక్తాన్ని విరిచేస్తుంది. పచ్చిదైనా, వండిందైనా. ఇంత చిన్నపిల్లకైతే కొంచెం కొంచెం రోజూ ఇచ్చినా చాలు."

చంద్రమ్మగారికి అర్థం కాలేదు. అర్థం కాలేదనడం కంటే, చెవిలో పడ్డ మాట లోపలికి వెళ్ళలేదు. "ఉల్లిగడ్డనా? ఉల్లిగడ్డ ఏంజేస్తదమ్మా? సలువ గదా అది."

"రోజూ ఇచ్చారా?"

"పొద్దుగాల, పొద్దుమీకి. ఎండలు మొదలైనప్పటి సంది. తాగకపోతుండె. వాసన చూసి మొఖం తిప్పుకుంటుండె. మారాం చేస్తుందనుకొని దవుడలు పట్టుకొని..." తన చెయ్యి చూసుకున్నారు. "దవుడలు పట్టుకొని, చెంచతోని పోసిన. తాగు బిడ్డా, తాగితే బతుకుతవు అని పోసిన."

ఆవిడ బల్ల దగ్గరికి వెళ్ళి, బంతి ముట్టె మీద చెయ్యి వెయ్యబోయి, కాలిందేమో అన్నట్టు వెనక్కి లాక్కున్నారు. నిన్న మన్ను ఎత్తిన చెయ్యే అది. బంతికి ఇవేం తెలుసు? ఆవిడ వాసన తగిలి తోక చివర కొంచెం కదిపింది. అది చూసి ఆవిడ కింద కూలబడిపోయారు.

నిన్నటి నుంచీ ఆవిడకి ఎన్ని మాటలనాలని దాచుకున్నానో లెక్కలేదు. వంటింట్లో గిన్నెలతో సహా రిహార్సల్ వేసుకున్నాను. ఇప్పుడు ఒక్కటీ నోటికి రాలేదు. పక్కన చతికిలబడి ఆవిడ భుజం పట్టుకున్నాను.

"తెలియక చేశారు. లేవండి, చంద్రమ్మగారూ."

"మీ సార్‌ను గంతగనం తిట్టిన, ఛాయమ్మా. మన్ను పోసిన. ఆ మన్ను నా నెత్తిమీద పోసుకోవాలె."

ఊరుకుందామనుకున్నాను. ఊరుకుంటే నేను ఛాయాదేవిని ఎందుకవుతాను? "వీధంతా విన్నారండీ. నేను పాలప్యాకెట్‌కి వెళ్తే ఎదురింటి సీతాబాయి నన్ను చూసి తలుపేసుకుంది. మీరు తిట్టింది అందరూ విన్నారు కదా, కాదన్న మాట కూడా అందరూ వినాలి."

"చెప్త. గల్లీ నడుమ నిలబడి, ఒక్కొక్కళ్ళను పిలిచి చెప్త. వీర్రాజు సార్ కాళ్ళు మొక్కుత." ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "వాళ్ళకు చెప్పుడు కష్టం కాదు. మా ముసలాయనకు ఏమని చెప్పాలె? నా చేతితోనే నీ బంతిని చంపిన అని ఎట్ల చెప్పాలె?"

"ఇంకా చావలేదు," అంది డాక్టరమ్మ, కాస్త గట్టిగానే. మాకిద్దరికీ అదే కావాల్సింది. "సెలైన్ పెడతాను, ఆక్సిజన్ పెడతాను. కానీ అవి సరిపోవు. రక్తం ఎక్కించాలి, ఇవాళ సాయంత్రంలోగా."

"నాది తీస్కో బిడ్డా," అన్నారు చంద్రమ్మగారు, చీర చెంగు జరిపి జబ్బ చూపిస్తూ.

ఆ పిల్ల నవ్వలేదు, పాపం. "మనిషిది పనికిరాదమ్మమ్మా. కుక్కదే కావాలి. పెద్దది, ఆరోగ్యంగా ఉన్నది, టీకాలు వేసినది. నాకు తెలిసిన ఒక లాబ్రడార్ ఉంది గానీ వాళ్ళు ఊళ్ళో లేరు. ఇంకొకదాని దగ్గర ఈమధ్యే తీసుకున్నాం, అప్పుడే మళ్ళీ తియ్యకూడదు. మిగతావాళ్ళకి ఫోన్లు చేయిస్తాను. మీ వీధిలో..." అని ఆగింది. "మధురానగర్ అన్నారు కదూ? చలికాలంలో అక్కడి వీధికుక్కలకి టీకాలు వెయ్యడానికి నేనే వచ్చాను. నల్లగా, ఇంతెత్తున ఒకడుంటాడు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందని గుర్తుకి చెవి కొస కత్తిరించి ఉంటుంది. బిస్కెట్ చూపిస్తే సూది కూడా పొడిపించుకున్నాడు."

"భీముడు!" చంద్రమ్మగారు లేచి నిలబడ్డారు. ఏడుస్తున్న కళ్ళే, కానీ ముఖం విప్పారింది. "మా భీముడు! వాడు గుర్రమసొంటోడు బిడ్డా. నా చేతి బువ్వ తిని పెరిగిండు. వాడి నెత్తురు సరిపోతదా?"

"ముందు పరీక్ష చెయ్యాలి. సరిపడితే దీని అదృష్టం. తొందరగా తీసుకురండి. చీకటి పడేదాకా ఆగొద్దు."

బంతి కాలికి సూది గుచ్చి సెలైన్ ఎక్కించడం మొదలుపెట్టారు. చంద్రమ్మగారు దాని దగ్గర ఉంటానన్నారు. నేను ఫోన్ పట్టుకుని వరండాలోకి వచ్చాను. ఎదురుగా ఫ్లైఓవర్ మీద బస్సులు దడదడలాడుతూ పోతున్నాయి, ఒక చెవి మూసుకుంటే గానీ వినబడదు. ఆయనకి క్షమాపణ చెప్పాలి. నేనెప్పుడూ చెప్పినదాన్ని కాదు, ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

"ఏవండీ, మీరు కాదండీ," అన్నాను ఆయన హలో అనగానే.

"ఏంటి నేను కాదు?"

గబగబా అంతా చెప్పేశాను. ఉల్లిపాయ సంగతి, గాజు గొట్టం సంగతి, చంద్రమ్మగారు నేలమీద కూలబడిన సంగతి. ప్యాకెట్ సంగతి దాచుదామనుకున్నాను గానీ నోరు ఆగలేదు. "నేనే పట్టుకెళ్ళి డాక్టర్ ముందు పెట్టానండీ. మిమ్మల్ని అనుమానించాను. బుద్ధి గడ్డి తింది. ఇంటికొచ్చాక నాలుగు తిట్టండి, పడతాను."

అటునుంచి తిట్టు రాలేదు. ‘నీ మొహం’ అనైనా అనలేదు.

"కుక్కపిల్ల బతుకుతుందా?" అన్నారు.

మా ఆయన ఒక కుక్క గురించి అలా అడగ్గా నేనెప్పుడూ వినలేదు. నాకు మళ్ళీ ఏడుపొచ్చింది. "బతుకుతుంది. రక్తం దొరికితే బతుకుతుంది. దేవుడిలా మన భీముడున్నాడు, వాడిది పనికొస్తుందట. మీరు సెలవు పెట్టేసి వెంటనే బయల్దేరండి. ఫంక్షన్ హాలు వెనకాల ఉంటాడు, వాచ్‌మన్‌ని అడిగితే చూపిస్తాడు. మీకు భయమైతే సీతాబాయి వాళ్ళాయన్ని తోడు తీసుకోండి. వింటున్నారా?"

ఆఫీసులో ఫ్యాను చప్పుడు వినబడుతోంది. ఎవరో ఆయన్ని ఏదో అడిగారు. ఆయన లేచి పక్కకి వచ్చినట్టున్నారు, చప్పుడు తగ్గింది.

"ఛాయా. వాడు అక్కడ ఉండడు."

"మరెక్కడుంటాడు?"

"పోయిన ఆదివారం... నువ్వూ, చంద్రమ్మగారూ గుడికి వెళ్ళారు చూడు, అప్పుడు. ఒక ట్రాలీ ఆటోవాడితో మాట్లాడాను. కొట్టలేదు, కట్టెయ్యలేదు ఛాయా. ఒట్టు. బిస్కెట్ చూపిస్తే వాడే ఎక్కాడు. తోకూపుకుంటూ ఎక్కి కూర్చున్నాడు."

బస్సుల చప్పుడు ఆగిపోయినట్టయింది నాకు. పొద్దున్న నా కళ్ళలోకి చూడకుండా లేసులు కట్టుకున్నది ఇందుకన్నమాట.

"ఎక్కడ వదిలిపెట్టాడు?"

"ఊరి బయట వదిలేస్తానన్నాడు."

"ఊరి బయట అంటే ఎక్కడండీ? ఈ ఊరికి బయట ఎక్కడ?"

"నేనడగలేదు," అన్నారు మా ఆయన. "వాడి నంబరు కూడా తీసుకోలేదు."

వెనకాల తలుపు తెరుచుకుంది. చంద్రమ్మగారు కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ వరండాలోకి వచ్చారు. బంతి రెండు కళ్ళూ తెరిచి తన దిక్కు చూసిందట, ఆ సంబరం ఆవిడ ముఖంలో తెలుస్తోంది.

"సార్‌తోనే మాట్లాడుతున్నవా? జర ఇటియ్యి, ఫోన్లనే మొక్కుత. డాక్టరమ్మకు సుత చెప్పిన, పాపపుదాన్ని నేనే, సార్ దేవునసొంటి మనిషి అని." ఆవిడ చెయ్యి చాపారు. "ఏమన్నడు? భీముణ్ణి తోల్కొస్తుండా?"

"ఛాయా," అంటున్నారు మా ఆయన నా చెవిలో. "ఛాయా, ఆవిడకి చెప్పకు."

చాపిన చెయ్యి అలాగే ఉంది.